సోల్ స్టిరర్స్ వెనక వరుస

పాత అమెరికన్ పాటలు ఇష్టపడేవాళ్లలో సామ్ కుక్ పేరు తెలియనివాళ్లు ఉండరు. జెస్సీ ఫార్లీ అంటే మాత్రం ఎవరాయన అని అడుగుతారు. సామ్ కుక్ ఇరవై ఏళ్ల కుర్రాడిగా సోల్ స్టిరర్స్ అనే గాస్పెల్ బృందంలో, అంటే నల్లవాళ్ల చర్చిల్లో పుట్టిన భక్తిపాటలు పాడే బృందంలో చేరినప్పుడు అందులో బేస్, అంటే అన్నిటికన్నా కింది గొంతు, పాడుతున్నది ఫార్లీ. సామ్ రాకముందూ ఆయనే, సామ్ వెళ్లిపోయాకా ఆయనే. ఈ బృందం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రాస్తే సామ్ దగ్గర మొదలుపెట్టకూడదనీ అనుకున్నాను, ఎందుకంటే నేనూ బేస్ గొంతువాణ్నే.

మాది గుంటూరు. 1842లో హయ్యర్ దొరగారు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఊరు కాబట్టి, మా ఇళ్లలో పాట రెండు దారుల్లో వచ్చింది. ఒకటి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. రాగం, తాళం, హార్మోనియం, పల్లవి అందుకుంటే గుడంతా ఒకే గొంతు. రెండోది క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి క్వయిర్ పాడే నాలుగు పార్టుల పాటలు. సొప్రానో, ఆల్టో ఆడవాళ్లది, టెనర్, బేస్ మగవాళ్లది. గొంతు మారిన ఏడాదే నాన్నగారు నన్ను బేస్ వరుసలో తన పక్కన నిలబెట్టుకున్నారు. సోల్ఫా కాగితాలు (డో, రే, మీ అక్షరాల్లో స్వరాలు రాసినవి) చేతికిచ్చి, "నీ పార్టు నువ్వు వదలకు, పక్కవాడు ఎటు పోయినా సరే" అనేవారు. ట్యూన్ ఎప్పుడూ మాది కాదు. అది సొప్రానో వాళ్లది, జనం ఇంటికెళ్తూ కూనిరాగం తీసేది వాళ్ల పాటే. మేం లేకపోతే ఆ పాట బోసిపోతుందని ప్రాక్టీసుకి వచ్చిన మాకే తెలుసు.

తొంభైల చివర్లో, వైటూకే (2000 సంవత్సరం తేదీలకి కంప్యూటర్లు తికమకపడతాయన్న భయం) పుణ్యమా అని మనవాళ్లంతా అమెరికా విమానాలెక్కుతున్న రోజుల్లో, నేనూ షికాగో వచ్చిపడ్డాను. డౌన్‌టౌన్‌లో ఆఫీసు. రాత్రుళ్లు ఆలస్యంగా బయటపడేవాణ్ని. కింద లాబీలో డెస్క్ దగ్గర ఒక నల్లజాతి పెద్దాయన కూర్చునేవారు. రిటైరయ్యే వయసు దాటినా మనిషి దిట్టంగా ఉండేవారు. డిసెంబరులో ఒక రాత్రి నేను లిఫ్టులోంచి దిగుతూ అలవాటు కొద్దీ ఒక క్రిస్మస్ పాట గొణుక్కుంటున్నాను. ట్యూన్ కాదు, బేస్ పార్టు. బయటివాళ్లకి అది అర్థంపర్థం లేని నాలుగు స్వరాల్లా వినపడుతుంది. ఆయన తలెత్తి, ఏ పాటో చెప్పేసి, పై పార్టు తను అందుకున్నారు. ఇద్దరం లాబీలో ఒక చరణం పూర్తిచేశాం. "ఇండియాలో బేస్ ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అన్నారు. గుంటూరు గురించి చెప్పాను. మర్నాడు ఒక క్యాసెట్ తెచ్చిచ్చారు. ఒక వైపు ఆర్.హెచ్. హారిస్ పాడిన సోల్ స్టిరర్స్, రెండో వైపు సామ్ కుక్ పాడిన సోల్ స్టిరర్స్. "మొదటి వైపు బాగా విను. అది అయ్యాకే తిప్పు" అన్నారు. వయసులో ఉన్నప్పుడు తనూ ఒక చిన్న క్వార్టెట్‌లో, అంటే నలుగురి బృందంలో, బారిటోన్ (టెనర్‌కీ బేస్‌కీ మధ్య గొంతు) పాడారట. షికాగో సౌత్ సైడ్‌లో ఆ కాలంలో వీధికో క్వార్టెట్ ఉండేదట.

బృందం పుట్టింది షికాగోలో కాదు, టెక్సస్‌లోని ట్రినిటీ అనే చిన్న ఊళ్లో. 1926లో సైలస్ రాయ్ క్రెయిన్ అనే కుర్రాడు తన చర్చిలోని తోటి పిల్లల్ని పోగుచేసి మొదలుపెట్టాడు. ఒకసారి పాట అయ్యాక ఒకాయన వచ్చి, మీరు నా ఆత్మను కదిలించారు అన్నాడట. అదే పేరుగా నిలిచింది. కొన్నాళ్లకి పిల్లలు తలోదారీ అయ్యారు, క్రెయిన్ హ్యూస్టన్ చేరాడు. అక్కడ ఇంకో బృందం అతన్ని రమ్మంటే, మీ పేరు సోల్ స్టిరర్స్ అని మార్చుకుంటేనే వస్తానన్నాడు. వాళ్లు సరేనన్నారు. ఊరు మారినా మనుషులు మారినా పేరు మాత్రం వదలని ఈ పట్టుదల క్రెయిన్‌లో చివరిదాకా కనిపిస్తుంది. బృందం అన్నేళ్లు బతకడానికి సగం కారణం ఆ పట్టుదలేనని నా నమ్మకం. 1936లో జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం వీళ్ల పాటలు రికార్డు చేశాడు. అప్పటికి వీళ్లింకా టెక్సస్ కుర్రాళ్లే.

ఆ తర్వాత ఏడాది ప్రాంతంలో వచ్చాడు రెబర్ట్ హారిస్. అందరూ ఆర్.హెచ్. హారిస్ అనేవారు. ఈయనదీ ట్రినిటీయే.

హారిస్ వచ్చేదాకా క్వార్టెట్ అంటే నలుగురు. అప్పట్లో నడుస్తున్నది జూబిలీ పద్ధతి. నలుగురూ కలిసికట్టుగా, చక్కగా కత్తిరించినట్టు, లయ మీద హుషారుగా పాడేవారు. బైబిల్ కథలు గబగబా చెప్పుకుపోయేవారు. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కాకపోతే ఒక మనిషి తన గుండెలోని బరువు దించుకోవడానికి అందులో చోటు తక్కువ. ఒకడు ముందుకొచ్చి సొంతంగా పాడటం మొదలుపెడితే వెనక ముగ్గురే మిగులుతారు. నాలుగు స్వరాల కూర్పులో ఒకటి ఖాళీ అవుతుంది. క్వయిర్‌లో టెనర్లు రాని రోజు ఎలా ఉంటుందో పాడేవాళ్లకి తెలుసు.

సోల్ స్టిరర్స్ దీనికి కనిపెట్టిన మార్గం వినడానికి చాలా మామూలుగా ఉంటుంది: ఐదో మనిషిని పెట్టుకోవడం. ఇద్దరు లీడ్ పాడేవాళ్లు. ఒకరు ముందు పాడుతుంటే రెండోవారు వెనక్కి వెళ్లి టెనర్ల పక్కన చేరతారు. ఎవరు ముందుకెళ్లినా వెనక నాలుగు పార్టులూ నిండుగానే ఉంటాయి. మొదటి లీడ్ మెల్లగా మొదలుపెట్టి, పాటను మెట్టుమెట్టుగా పైకి తీసుకెళ్లి, ఇక తన ఊపిరి చాలదనుకున్న చోట రెండో లీడ్ అదే ఎత్తులో అందుకుంటాడు. వేడి దిగదు. వాళ్లిద్దరూ అలా పైన ఉంటే వెనకవాళ్లు ఒకే మాటను, ఒకే చిన్న పాదాన్ని తాళం తప్పకుండా మళ్లీ మళ్లీ అంటూ ఉంటారు. ఈ పద్ధతి తర్వాత గాస్పెల్ క్వార్టెట్లన్నిటికీ పాకింది. అక్కణ్నుంచి సోల్ సంగీతంలోకీ, అంటే గాస్పెల్ పద్ధతిలో పాడే ప్రేమపాటల్లోకీ, వెళ్లింది. లీడ్ సింగర్ ఒకడు ముందు నిలబడి ఆర్తితో అరుస్తుంటే వెనక గుంపు ఒకే మాట పట్టుకుని ఊగే పాటలు మీరు ఎన్ని విన్నా, వాటిలో ఈ బృందం నీడ ఉంటుంది.

క్యాసెట్ మొదటి వైపు మొదటిసారి విన్నప్పుడు నాకు చటుక్కున తట్టింది వేరే సంగతి. హారిస్ ఒక పాదాన్ని మొదటిసారి ఉన్నదున్నట్టు పాడతాడు. రెండోసారి అదే పాదాన్ని కొంచెం ఆలస్యంగా, తాళం దాటాక అందుకుంటాడు. మూడోసారి చివరి అక్షరాన్ని ఫాల్సెట్టోలోకి, అంటే గొంతు సన్నం చేసి పైస్థాయిలోకి ఎగరేసి, అక్కడ రెండు మూడు మలుపులు తిప్పి కిందికి దించుతాడు. మన కచేరీల్లో పల్లవికి సంగతులు వేసినట్టే! మాటలు అవే, నడక మాత్రం ప్రతిసారీ కొత్తది. చిన్నప్పుడు ఊళ్లో పిట్టల కూతలు విని ఆ పై గొంతు నేర్చుకున్నానని హారిస్ చెప్పుకునేవాడు. ఆ రికార్డులు వింటే నమ్మబుద్ధేస్తుంది. గొంతు పెద్దది చేయడు, అరవడు. అంత నెమ్మదిగా పాడుతూ అంత బాధ ఎలా చెప్పగలిగాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మొదట్లో ఆయనకి జోడీగా రెండో లీడ్ పాడింది జేమ్స్ మెడ్‌లాక్. తర్వాత పాల్ ఫాస్టర్. ఫాస్టర్ గొంతు హారిస్‌కి పూర్తి విరుద్ధం. గరుకుగా, గట్టిగా, వాక్యం చెప్పే పాస్టరుగారు వేడెక్కినప్పటిలా ఉంటుంది. ఆ మెత్తని గొంతు పక్కన ఈ గరుకు గొంతు పెట్టడం ఎవరి ఆలోచనో గానీ, చేసిన మనిషి చెవికి దణ్ణం పెట్టాలి.

ముప్ఫైల చివర్లో బృందం షికాగోకి మారింది. దక్షిణాది పత్తిచేలు వదిలి లక్షలమంది నల్లవాళ్లు ఉత్తరాది నగరాలకి రైళ్లెక్కుతున్న కాలం అది. పనులక్కడున్నాయి, చర్చిలక్కడున్నాయి, రేడియో అక్కడుంది. థామస్ డోర్సీ అక్కడున్నాడు. ఒకప్పుడు బ్లూస్ పియానో వాయించిన డోర్సీ, సౌత్ సైడ్‌లోని పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చిలో క్వయిర్ నడుపుతూ గాస్పెల్ అని మనం ఇవాళ పిలిచే పాటలకి రూపం ఇచ్చాడు. బానిసత్వ కాలం నాటి భక్తిపాటలైన పాత స్పిరిచువల్స్ మీదే ఆధారపడకుండా, అప్పుడప్పుడే రాస్తున్న ఆ కొత్త పాటల్ని క్వార్టెట్ గొంతుల్లోకి తెచ్చినవాళ్లలో సోల్ స్టిరర్స్ ముందువరుసలో ఉన్నారు. డబ్ల్యూఐఎన్‌డీ రేడియోలో ప్రతి ఆదివారం వీళ్ల కార్యక్రమం ఏళ్ల తరబడి వచ్చింది. మా పెద్దాయన కుటుంబం మిసిసిప్పీ నుంచి వచ్చింది. ఆయనప్పుడు చిన్నపిల్లాడు. హారిస్ గొంతు రాగానే వాళ్లమ్మగారు స్టవ్ కట్టేసి, తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ వచ్చి రేడియో ముందు కూర్చునేవారట. "ఆ పదిహేను నిమిషాలూ మాకు టిఫిన్ లేదు" అని నవ్వేవారు.

ఒక ఆదివారం ఆయన నన్ను తన కారులో సౌత్ సైడ్‌లోని నల్లవాళ్ల పాత పేట బ్రాంజ్‌విల్ తిప్పారు. పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ అప్పటికింకా నిలబడే ఉంది. యూదుల ప్రార్థనామందిరంగా కట్టిన భవనం, లోపల ఎత్తైన కప్పు. పాట మొదలైతే గొంతు పైకి వెళ్లి ఒక క్షణం ఆగి వచ్చినట్టుండేది. 2006 జనవరిలో అది కాలిపోయింది, గోడలే మిగిలాయి. ఆ వార్త చూసి ఆయనకి ఫోన్ చేస్తే చాలాసేపు మాట్లాడలేదు. డుసేబుల్ హైస్కూలు కూడా చూపించారు. ఆ స్కూలు ఆడిటోరియంలో పెద్దపెద్ద గాస్పెల్ ప్రోగ్రాములు జరిగేవి. కుర్రవయసులో తను టికెట్టు కొనుక్కుని వెళ్లి నిలబడ్డ చోటు కూడా చేత్తో చూపించారు.

1950లో బృందం లాస్ ఏంజలిస్‌లోని స్పెషాల్టీ రికార్డ్స్‌లో చేరింది. హారిస్ లీడ్‌తో ఫిబ్రవరిలో రికార్డు చేసిన పాటల్లో 'బై అండ్ బై' నాకు ప్రాణం. అన్నీ కుదిరి, పేరు శిఖరాన ఉన్నప్పుడు, అదే ఏడాది హారిస్ బృందం వదిలేశాడు. ఊరూరా తిరిగే జీవితంలో నైతికత దిగజారిపోతోందని, పాడే మాటకీ బతికే బతుకుకీ పొంతన లేకుండా పోతోందని ఆయన తర్వాత చెప్పాడు. దీన్ని ఆయన మంకుతనం అనేవాళ్లూ ఉన్నారు. నేనలా అనుకోను. మా ఊళ్లో కన్వెన్షన్ కూటాలకి పాడేవాళ్లలోనూ ఇలా తప్పుకున్నవాళ్లని చూశాను. పాడింది నిజమని నమ్మిన మనిషికి ఆ ఇబ్బంది ఎంత బరువుగా ఉంటుందో వాళ్ల ముఖంలో చూశాను. హారిస్ పాట మానలేదు. క్రిస్ట్‌లాండ్ సింగర్స్ అనే వేరే బృందంతో పాడుతూ షికాగోలోనే ఉన్నాడు.

క్రెయిన్‌కి ఇప్పుడు టెన్షన్. హారిస్ లేని సోల్ స్టిరర్స్‌ని ఎవరు వింటారు? సౌత్ సైడ్‌లో హైవే క్యూసీస్ అని కుర్రాళ్ల బృందం ఒకటుండేది. సోల్ స్టిరర్స్ బారిటోన్ ఆర్.బి. రాబిన్‌సన్ వాళ్లకి పార్టులు నేర్పేవాడు. ఆ కుర్రాళ్లలో లీడ్ పాడేది సామ్ కుక్. 1931లో మిసిసిప్పీలోని క్లార్క్స్‌డేల్‌లో పుట్టాడు, తండ్రి పాస్టరుగారు, పెరిగిందంతా షికాగోలో. ఇంగ్లీషులో ఇంటిపేరు చివర ఉన్న 'ఇ' (e) అక్షరం తర్వాతి రోజుల్లో తగిలించుకున్నదే. రాబిన్‌సన్ నేర్పిన పాఠాలే కాబట్టి సోల్ స్టిరర్స్ పాటలన్నీ అతనికి కంఠతా వచ్చు. క్రెయిన్ అతన్ని తీసుకున్నాడు.

1951 మార్చి 1న లాస్ ఏంజలిస్‌లో రికార్డింగ్. స్పెషాల్టీ యజమాని ఆర్ట్ రూప్ హారిస్ కోసం ఎదురుచూస్తుంటే, చొక్కా నలగని కుర్రాడొకడు వచ్చి నిలబడ్డాడు. రూప్‌కి నచ్చలేదు. పైగా వాళ్లు పాడతామన్న పాటల్లో 'జీసస్ గేవ్ మీ వాటర్' అదే కంపెనీలో పిల్‌గ్రిమ్ ట్రావెలర్స్ అప్పటికే పాడేశారు. బావి దగ్గర సమరయ స్త్రీ కథ అది, లూసీ క్యాంప్‌బెల్ రాసిన పాట. చివరికి పాడనిచ్చారు. సామ్ రికార్డే పెద్ద హిట్టయింది. యోహాను సువార్త నాలుగో అధ్యాయం నేను సండే స్కూల్లో ఎన్నిసార్లు చదివానో! కానీ ఆ స్త్రీ ఊళ్లోకి పరుగెత్తుకెళ్లి చెప్పిన సంబరం నాకు ఆ మూడు నిమిషాల రికార్డులోనే వినపడింది. వెనక నలుగురూ ఆ పాదాన్నే పట్టుకుని వదలరు. కింద ఫార్లీ అడుగులు వేస్తున్నట్టు నడిపిస్తాడు. మొదటి రికార్డుకే వణుకుతూ వచ్చుండాల్సిన కుర్రాడు అంత ధీమాగా పాడాడంటే, ఆ నడక అతనికిచ్చిన ధైర్యమే.

మొదట్లో సామ్ హారిస్‌లాగే పాడటానికి ప్రయత్నించాడు. పై స్థాయిలో గొంతు అందేది కాదు. క్రెయిన్ చెప్పిన సంగతి ఒకటుంది. 1953లో కాలిఫోర్నియాలోని ఫ్రెజ్నోలో ఒక రాత్రి పాడుతూ పాడుతూ పై స్వరం అందక, సామ్ దాన్ని కింది నుంచి వంచి, 'వో... ఓ... ఓ' అంటూ తేల్చేశాడట. జనానికి అది నచ్చింది. అక్కణ్నుంచి అదే అతని ముద్రయింది. తర్వాత కోట్లమంది రేడియోలో విని గుర్తుపట్టిన ఆ విరుపు, హారిస్ ఎత్తుని అందుకోబోయి పుట్టిందన్నమాట. పెద్దాయన క్యాసెట్‌లో రెండు వైపులూ ఆ వరసలో ఎందుకు వినమన్నారో నాకు అప్పుడు బోధపడింది. మొదటి వైపు వినకపోతే రెండో వైపులో అతను దేనికోసం చెయ్యి చాస్తున్నాడో తెలియదు.

వాళ్లు తిరిగిన తీరు వింటే పాట మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. ఒక్క కారులో బృందమంతా, సూట్లు హ్యాంగర్లకి వేలాడేసుకుని, రాత్రంతా ప్రయాణం. దక్షిణాదిలో తెల్లవాళ్ల హోటళ్లు గది ఇవ్వవు, భోజనం పెట్టవు, దారిలో బాత్రూముకి పోవాలన్నా భయమే. ఊళ్లో సంఘస్తుల ఇళ్లలోనో, నల్లవాళ్లు నడిపే చిన్న హోటళ్లలోనో పడుకునేవారు. సాయంత్రానికి ఇస్త్రీ నలగని సూట్లతో వేదిక మీద ఉండాలి. చాలా ప్రోగ్రాముల్లో నాలుగైదు బృందాలు పోటీ పడేవి. ముందు పాడినవాళ్లు జనాన్ని లేపి వెళ్లాక తర్వాత ఎక్కినవాళ్ల పని కత్తి మీద సామే.

అలాంటి రాత్రి ఒకటి మనం ఇవాళ కూడా వినొచ్చు. 1955 జులై 22, లాస్ ఏంజలిస్, ష్రైన్ ఆడిటోరియం. ఆ ప్రోగ్రాం రికార్డు చేశారు గానీ దశాబ్దాల తర్వాతే బయటికొచ్చింది. స్టూడియో రికార్డుల్లో మూడు నిమిషాల్లో ముగించాల్సిందే, ఆనాటి డిస్కులు అంతే పట్టేవి. ఇక్కడ ఆ బాధ లేదు. 'నియరర్ టు దీ' అనే పాటను ఎనిమిది నిమిషాలు దాటించారు. సామ్ మొదట మాట్లాడుతున్నట్టు మెల్లగా మొదలుపెడతాడు. ఒక్కో చరణంలో ఒక్కో సంగతి చెబుతాడు. మధ్యలో పాల్ ఫాస్టర్ ఒక్కసారిగా అందుకుంటాడు, ఆ గరుకు గొంతుతో హాలు లేచిపోతుంది. ఆడవాళ్ల కేకలు వినపడతాయి. ఫాస్టర్ వెనక్కి తగ్గగానే సామ్ మళ్లీ అందుకుంటాడు. ఇంత గందరగోళంలోనూ వెనక వరుస తొణకదు. జనం మీదకొస్తున్నా, లీడ్ ఎక్కడికి పోయినా, వాళ్లు అదే మాట, అదే తాళం. మా నాన్నగారికి ఈ రికార్డు వినిపించాను, సెలవులకి గుంటూరు వెళ్లినప్పుడు. ఇంగ్లీషు మాటలు సగం అందలేదు ఆయనకి. కళ్లు మూసుకుని విని, "ఆ కింద పాడే ఆయన గట్టివాడ్రా, ఒక్కసారి కూడా ఊగలేదు" అన్నారు. అంత హోరులో ఆయన చెవి నేరుగా ఫార్లీ మీదికే పోయింది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో వచ్చింది 'టచ్ ది హెమ్ ఆఫ్ హిస్ గార్మెంట్'. రికార్డింగ్‌కి పాట కావాలంటే, దారిలో కారులోనే సామ్ బైబిల్ అడిగి తీసుకుని, పేజీలు తిప్పి, రక్తస్రావం గల స్త్రీ కథ దగ్గర ఆగి, అక్కడికక్కడే పాట కట్టేశాడని బృందంవాళ్లు చెప్పుకునేవారు. మన బైబిల్లో "ఆయన వస్త్రపు చెంగు ముట్టెను" అని ఉన్న చోటది. పన్నెండేళ్ల జబ్బు, ఆస్తంతా వైద్యులకి పోసి, గుంపులో ఎవరికీ కనపడకుండా వెనకనుంచి చెయ్యి చాపిన మనిషి. సామ్ దాన్ని ఉపన్యాసంలా కాకుండా, పక్కింటావిడకి జరిగినట్టు చెబుతాడు. ఈ పాటలో ఆ 'వో... ఓ... ఓ' విరుపు ఎంత సహజంగా ఒదిగిందంటే, అది లేకుండా ఆవిడ ఆరాటం ఇంకో రకంగా చెప్పలేం అనిపిస్తుంది. మా అమ్మ బతికున్న రోజుల్లో ఈ పాట అర్థం చెబుతూ వినిపించాను. మళ్లీ పెట్టమంది.

ఇక అందరికీ తెలిసిన మలుపు. 1956 చివర్లో సామ్ ఒక ప్రేమపాట రికార్డు చేశాడు, పేరు మార్చి డేల్ కుక్ అని వేశారు. గొంతు దాగుతుందా? గాస్పెల్ జనం ఇట్టే పట్టేశారు. 1957లో బృందం వదిలాడు. ఆ ఏడాదే 'యూ సెండ్ మీ' దేశమంతటా మొదటి స్థానానికి వెళ్లింది. దేవుడి పాటలు పాడిన గొంతుతో లోకం పాటలు పాడటం ఆ సంఘాల్లో ద్రోహంగా కనిపించేది. ఇది నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఇళ్లలో క్వయిర్ పిల్లాడు పెళ్లి ఆర్కెస్ట్రాలో సినిమా పాట పాడాడని తెలిస్తే పెద్దవాళ్లు ఎంత నొచ్చుకునేవారో చూస్తూ పెరిగినవాణ్ని. పెద్దాయనని సూటిగా అడిగాను, మీకు కోపం రాలేదా అని. "మా అమ్మకొచ్చింది. నాకు రాలేదు. కానీ ఆ ఆదివారం నుంచీ రేడియోలో ఏదో తక్కువైంది" అన్నారు.

సామ్‌తోపాటు క్రెయిన్ కూడా వెళ్లాడు, అతని టూర్లు చూసుకునే మేనేజరుగా. ముప్ఫై ఏళ్లు పేరు కాపాడుకొచ్చిన మనిషి అలా వెళ్లిపోవడం నన్ను కాసేపు బాధపెట్టింది. ఆ తర్వాత చేసింది చూస్తే ఆ బాధ తీరింది. సామ్, అతని స్నేహితుడు జె.డబ్ల్యు. అలెగ్జాండర్, క్రెయిన్ కలిసి సార్ రికార్డ్స్ అని సొంత కంపెనీ పెట్టారు. మొదట పాడించింది ఎవరిచేతనో తెలుసా? సోల్ స్టిరర్స్ చేతే. లీడ్ జానీ టేలర్, అతనూ హైవే క్యూసీస్ నుంచి వచ్చినవాడే. సామ్ వదిలిన చోట అతను నిలబడ్డాడు. అతను వెళ్లాక జిమ్మీ అవుట్లర్ వచ్చాడు. టేలర్ కూడా తర్వాత సోల్ పాటల్లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఎవరు వచ్చినా వెళ్లినా ఫార్లీ, ఫాస్టర్, గిటార్ పట్టుకున్న లెరాయ్ క్రూమ్ వెనక ఉన్నారు. ఆ రోజుల రికార్డుల్ని సామ్ అభిమానులు పెద్దగా పట్టించుకోరు. పట్టించుకోవాలి. టేలర్ లీడ్ పాడిన 'స్టాండ్ బై మీ ఫాదర్' ఒక్కటి వింటే చాలు.

1964 డిసెంబరు 11న లాస్ ఏంజలిస్‌లో ఒక మోటెల్‌లో సామ్ తుపాకీ గుండుకి చనిపోయాడు. వయసు 33. 'ఎ ఛేంజ్ ఈజ్ గాన్నా కమ్' సింగిల్‌గా విడుదలైంది ఆ తర్వాతే, ఆ నెలలోనే. పౌరహక్కుల పోరాటం నడుస్తున్న రోజుల్లో అది జనం పాటయింది. దాని చుట్టూ పెద్ద ఆర్కెస్ట్రా ఉంది. అయినా అందులో పాడుతున్నది ష్రైన్ ఆడిటోరియంలో పాడిన కుర్రాడే. నది ఒడ్డున పుట్టాను అంటూ ఒక మామూలు మనిషి తన సాక్ష్యం చెప్పుకుంటున్నట్టు మొదలవుతుంది.

సామ్ 1986లోనే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. సోల్ స్టిరర్స్‌కి 1989లో ఆ గౌరవం దక్కింది, ఆ సంగీతానికి దారి వేసినవాళ్ల కింద. ఫాస్టర్ 1995లో, క్రెయిన్ 1996లో, హారిస్ 2000లో పోయారు. హారిస్ పోయిన వార్త నాకు చెప్పింది పెద్దాయనే. అప్పటికి ఆయన ఉద్యోగం మానేశారు. ఫోన్‌లోనే చాలాసేపు హారిస్ పాటలు ఒక్కొక్కటీ ఎత్తుకుంటూ, బారిటోన్ పార్టు పాడుతూ ఉండిపోయారు. నేను కింద పట్టాను.

షికాగో శివార్లలో మా తెలుగు సంఘంలో ఇప్పుడు క్వయిర్ బాధ్యత నాది. పిల్లలకి కీర్తనలు రాగంతో నేర్పడం ఒక పని, పార్టులు నేర్పడం ఇంకో పని. ఒక క్రిస్మస్‌కి రెండూ కలిపి చూశాను. కీర్తన పల్లవిని నలుగురు కుర్రాళ్లు కింద పార్టుల్లో పట్టుకుని తిప్పుతూ ఉంటే, చరణాలు ఇద్దరు వంతులవారీగా పాడారు. ఒకమ్మాయిది మెత్తని గొంతు, ఇంకో కుర్రాడిది గరుకు గొంతు. రాగం పాడవుతుందని మొదట పెద్దవాళ్లు సందేహించారు. అందుకే వెనక పార్టుల్ని షడ్జమ పంచమాల దగ్గరే ఉంచి, గమకం పడే చోట్ల వాళ్లని మౌనంగా ఉంచాం. నిలబడింది. ఆ గరుకు గొంతు కుర్రాడు మొదట లీడ్ ఇవ్వలేదని అలిగినవాడే. పాల్ ఫాస్టర్ వినిపించాక, ఆ అమ్మాయి ఆపిన చోట తను అందుకోవడమే తనకి కావాలన్నాడు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకి నా వరస ఇది. ముందు హారిస్, 1950 'బై అండ్ బై'. తర్వాత 1951లో సామ్ మొదటి రికార్డులు. ఆపైన ష్రైన్ ఆడిటోరియం, లేవకుండా మొత్తం ఒకేసారి. ఆ తర్వాత చెంగు ముట్టిన స్త్రీ పాట. అప్పుడు జానీ టేలర్. అన్నీ అయ్యాక మళ్లీ మొదటికొచ్చి, లీడ్‌ని వదిలేసి, కింద ఫార్లీని ఒక్కణ్నే పట్టుకుని వినండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో బేస్ వినపడదు.